చీమ దూరని డబ్బా

మా వదినకి అబద్ధం చెప్పడం రాదు. ఇది మెచ్చుకోలు కాదు, ఫిర్యాదు. దారిలో ఎవరైనా మాటవరసకి "బాగున్నారా?" అంటే, "నాకు జలుబు, ఈయనకి భుజం నొప్పి, మా ఆడపడుచుకి కోపం, అది మామూలే" అని ఉన్నదున్నట్టు అప్పజెప్పి వచ్చే రకం. అలాంటి మనిషి జీవితంలో ఒక్కసారి అబద్ధం చెప్పింది. అలవాటున్నవాళ్ళయితే చిన్నచిన్నవాటితో మొదలుపెట్టి చెయ్యి తిరిగాకే పెద్దవాటికి దిగుతారు. ఈవిడ ఈత రానివాళ్ళు నడి ఏట్లోకి దూకినట్టు ఏకంగా పెద్దదే చెప్పి, మా దుకాణం మూతబడే దాకా తెచ్చింది.

ఆ ఆడపడుచుని నేనే. కోపం సంగతి కూడా నిజమే.

వదినని మా వీధివాళ్ళు గంటలమ్మ అంటారు. నీళ్ళ తొట్టి నిండితే మోగే గంట, సరుకు గది తలుపు తెరిస్తే మోగే గంట, మంచం మీదున్న ముసలివాళ్ళు మీట నొక్కితే పక్కగదిలో మోగే గంట, ఇలా ఏదో ఒకటి జరిగినప్పుడు మోగాల్సిన గంటలన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళ్తాయి. వాళ్ళ నాన్న రేడియోలు బాగుచేసేవాడు. మిగతా పిల్లలు మట్టి తినే వయసులో ఈవిడ ఆయన ఒళ్ళో కూర్చుని టంకం పొగ పీల్చింది. ఇప్పటికీ టంకం కరిగేటప్పుడు ఆవిడ మొహంలో కడుపునిండా తిన్నంత తృప్తి కనిపిస్తుంది.

మా అన్నయ్య రేకు పనివాడు. ఆయనదీ టంకమే. కాకపోతే ఆవిడది పెన్సిలంత కడ్డీ, ఆయనది గరిటెంత కడ్డీ. పెళ్ళి కూడా ఆ టంకం వల్లే కుదిరింది. వాళ్ళ నాన్న ఓ రేడియోకి రేకు పెట్టె చేయించుకుందామని మా దుకాణానికొచ్చి, అతుకు ఎక్కడుందో వేలితో తడిమి తడిమి వెతికి, దొరక్క, "ఇంత నున్నగా అతికేవాడు సంసారం కూడా అతుకు కనపడకుండా చేస్తాడు" అని అక్కడికక్కడే నిశ్చయించేసుకున్నాడు. అన్నయ్య అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాడు కాదు. నోట్లో మేకులు పట్టుకుని పనిచేసేవాళ్ళకి మాట్లాడే అలవాటు తక్కువ.

ఇంటి ముందుగదే మా దుకాణం. కిటికీ కింద అన్నయ్య బల్ల, దాని మీద రేకు కోసే పెద్ద కత్తెర, కొయ్య సుత్తి, చిల్లులు కొట్టే ఉలి. ఎదురు గోడకి వదిన బల్ల, దాని మీద మెడవంచిన దీపం, మూతల్లేని సీసాల నిండా ఆవగింజలంత సామాను. మధ్యలో నా ముక్కాలి పీట. గిరాకీతో మాట్లాడటం, చేసిన గంటల్ని వాళ్ళిళ్ళకెళ్ళి బిగించి రావడం, అవి బోరు కొడితే వీళ్ళిద్దరి మధ్యా చిన్నచిన్న తగువులు పెట్టడం నా పని.

ఒకప్పుడు అన్నయ్య బకెట్లు చేసేవాడు, ట్రంకు పెట్టెలు చేసేవాడు, గరాటాలు చేసేవాడు. ప్లాస్టిక్ వచ్చి ఒక్కొక్కదాన్నే ఎత్తుకుపోయింది. చివరికి ఆయనకి మిగిలిన పని వదిన గంటలకి డబ్బాలు చేయడం ఒక్కటే. ఆ డబ్బా చేసే తీరు చూడాలి. వదిన తన సరంజామా అంతా బల్ల మీద పరిచి, మోగించి చూసి, తలాడిస్తుంది. అప్పుడు అన్నయ్య దాన్ని డబ్బాలో కూర్చోబెట్టి, మూత వేసి, నాలుగంచులా టంకం పోసి, చల్లారాక వేలి కణుపుతో టకటకా రెండు దెబ్బలు కొట్టి, "చీమ దూరదు" అంటాడు. రోజు మొత్తంలో ఆయన గర్వంగా అనే మాట అదొక్కటే. ఆ మాట అన్నాక ఇక ఆ డబ్బాని వదిన తెరవదు. తెరవాల్సి వస్తే ఆయనే తెరవాలి. ఇది మా ఇంటి చట్టం. పరీక్ష ముందు, మూత తర్వాత. మా కొంప ముంచింది కూడా ఆ వరసే.

ఒకరోజు గుడ్లాయన వచ్చాడు. మా వెనకవీధిలో ఆయనకి కోడిపిల్లల కేంద్రం ఉంది. పెరటి చివర గదిలో గుడ్లు పొదిగే కరెంటు పెట్టె, వీధివైపు ఇల్లు. పెట్టెలో వేడి తగ్గితే ఇంట్లో మోగేలా వదినే ఎప్పుడో గంట చేసిచ్చింది. మధ్యలో పెరడంతా తీగ. ఆ తీగని ఎలుకలు కొరికేశాయి. వేడి తగ్గింది, గంట మోగలేదు, తెల్లారి చూసుకుంటే గుడ్లన్నీ గుడ్లుగానే ఉండిపోయాయి.

"అమ్మా, నాకు తీగే వద్దు," అన్నాడు గుడ్లాయన, ఏడవడం ఒక్కటే తక్కువగా. "ఎలక్కి కొరకడానికి ఏమీ మిగలకూడదు. తీగ లేకుండా గంట మోగాలి. కొత్త గుడ్లు పెట్టేలోపు అవుతుందా?"

"అవుతుంది బాబాయ్ గారూ. రేడియో బిళ్ళ పెడదాం," అంది వదిన.

వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ మాడ్యూల్ అని దాని అసలు పేరు. పేరు పలికేలోపు వస్తువు చేతిలోంచి జారిపోతుంది, బొటనవేలి గోరంత ఉంటుంది. అవి జంటగా వస్తాయి. ఒకటి పంపే బిళ్ళ, ఒకటి వినే బిళ్ళ. వదిన కొనుక్కొచ్చి బల్ల మీద పెడితే, అన్నయ్య దాన్ని పక్కనుంచి, కిందనుంచి చూసి, "ఇది అరిస్తే ఆ వీధిలో వినపడుతుందా?" అన్నాడు. నన్ను చూస్తూ, "చిన్నవాటికే గొంతు పెద్దది" అని కూడా అన్నాడు. ఇంట్లో అందరికన్నా పొట్టిదాన్ని నేనే.

పాత గంటలోకి కొత్త బిళ్ళని దించడమంటే ఊరికే అతికేయడం కాదు. పెట్టెకి కావలసిన కరెంటు ఎక్కువ, బిళ్ళ తినేది తక్కువ. ఉన్నదంతా పెడితే అజీర్తి చేసి చస్తుంది. అందుకని వదిన మధ్యలో కరెంటు తగ్గించే కాళ్ళపురుగులాంటి సామానొకటి పెట్టింది. పెట్టెలో ఫ్యాను మొదలైనప్పుడల్లా బిళ్ళ ఉలిక్కిపడి ఉత్తుత్తినే అరుస్తుంటే, అది జడుసుకోకుండా మరో గొట్టంలాంటిది పెట్టింది. ఇక బిళ్ళకి ఒక రాగి తీగ తగిలించింది, జానెడుకి మూడు వేళ్ళు తక్కువ. ఆ తీగే దాని నాలుక, అది లేకపోతే మాట బయటికి రాదట. వినే బిళ్ళని పాత చెక్క మీదే పాత గంట వెనకాల బిగించింది. గంట తీసుకెళ్ళి పెరటి గోడ మీద పెట్టాను. వదిన లోపల వేడి కొలిచే ముక్కని చల్లటి గ్లాసుకి ఆనించింది. పెరట్లో గంట గణగణా మోగింది. గోడ అవతలికి తీసుకెళ్తే ఆగిపోయింది కానీ, గుడ్లాయన పెరటికి ఆ మాత్రం చాలు. మధ్యలో తీగ లేదు, ఏమీ లేదు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఆ సంగతి వదినకి చెప్పలేదు, నెత్తికెక్కుతుందని.

అన్నయ్య అన్నిటినీ డబ్బాలో సర్దాడు. రాగి తీగని మర్యాదగా లోపలే చుట్టబెట్టాడు. మూత, టంకం, టకటక. "చీమ దూరదు."

తీసుకెళ్ళి గుడ్లాయన పెట్టెకి బిగించాను. వేడి ముక్కని బయటికి లాగి చల్లబరిచాను. ఇంట్లో గంట ముందు గుడ్లాయన, ఆయన భార్య చెవులు రిక్కించి నిలబడ్డారు. గంట కుక్కిన పేనులా కూర్చుంది.

వెనక్కి తెచ్చాం. అన్నయ్య మూత కోశాడు. బల్ల మీద పెడితే మోగింది. మళ్ళీ మూశాడు. మళ్ళీ తీసుకెళ్ళాను. మళ్ళీ లేదు. వీధిలో దర్జీ నా రాకపోకలు చూసి, "ఏమ్మా, ఆ డబ్బాని షికారు తిప్పుతున్నావా?" అన్నాడు. ఆయనకేం సమాధానం చెప్పానో ఇక్కడ రాయను.

"నీకు వయసైపోతోంది వదినా," అన్నాను ఇంటికొచ్చి. "గంటలమ్మ అన్న పేరు తీసేసి మూగమ్మ అని పెడతారు."

మామూలుగా అయితే ఒకటికి నాలుగు అప్పజెప్పే మనిషి ఆ రోజు ఏమీ అనలేదు. డబ్బాకేసే చూస్తూ ఉండిపోయింది. నేను గెలిచాననుకుని సంతోషించాను.

మర్నాడు అన్నయ్య రేకు కొనడానికి బజారుకెళ్ళాడు. నేను పెరట్లో బట్టలారేస్తున్నాను. గోడ మీద పెట్టిన గంట ఉన్నట్టుండి మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. మళ్ళీ ఆగింది. ఒకసారి రెండుసార్లయితే ఊరుకుందును. తడిబట్ట అక్కడే పడేసి, తిట్టడానికి వంటింట్లోకెళ్ళాను.

వదిన నేల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఖాళీ చేసిన బియ్యం డబ్బా. అందులో పంపే బిళ్ళ, బ్యాటరీ. వదిన మూత తీసింది, పెరట్లో గంట మోగింది. మూత వేసింది, ఆగింది.

"ఏంటిది, చిన్నపిల్లలా?" అన్నాను.

"తప్పు నాది కాదు. బిళ్ళదీ కాదు." గొంతు బాగా తగ్గించి చెప్పింది. "రేకులోంచి ఈ మాట బయటికి పోదు. ప్లాస్టిక్ డబ్బాలో పెడితే శుభ్రంగా మోగుతుంది."

"తెలిసిందిగా! మరి పెట్టు."

వదిన మూత వేసి, దాని మీద చెయ్యి ఆనించుకుని నాకేసి చూసింది. "పెడితే మీ అన్నయ్య ఏం చేస్తారు?"

అందరూ ఇక తీగల్లేని గంటలే అడుగుతారు. తీగల్లేని గంటలకి రేకు డబ్బా పనికిరాదు. బకెట్లు పోయాయి, ట్రంకులు పోయాయి, ఇప్పుడు ఈ డబ్బా కూడా పోతే, మా అన్నయ్య ఆ కిటికీ కింద బల్ల ముందు కూర్చుని చేతులు ఎక్కడ పెట్టుకుంటాడు? నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వదిన మీద కోపం కూడా వచ్చింది, ఆ ప్రశ్న నాకంటే ముందు తనకే తట్టినందుకు.

"ఏదో ఒకటి ఆలోచిస్తాను. అప్పటిదాకా నువ్వు నోరు మెదపకు," అంది.

నా నోట్లో నువ్వుగింజ నానదని లోకమంతటికీ తెలుసు. అయినా ఒట్టేశాను.

వదిన ఆలోచించింది ఏమిటయ్యా అంటే అబద్ధం. ముందు బిళ్ళలు నాసిరకం అంది. అన్నయ్య నమ్మి, ఎండలో పోయి కొత్త జంట తెచ్చాడు. అవీ డబ్బాలో మూగబోయాయి. గుడ్లాయన పెరటి గోడలు మందం అంది. అన్నయ్య వెళ్ళి గోడలు తట్టి చూసి, "మన ఇంటి గోడలకన్నా పల్చన" అని వచ్చాడు. ఈలోగా గుడ్లాయన చేతిలో తెల్లటి ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని దిగాడు.

"మేస్త్రీ, వేరేచోట ఇలాంటి దాంట్లో పెట్టి ఇస్తున్నారంట. ఓసారి చూడకూడదూ?"

అన్నయ్య దాన్ని తీసుకుని, మూతని గోటితో నొక్కి, అది ఊగడం చూసి, మర్యాదగా తిరిగిచ్చేశాడు. వదిన మాత్రం, "ఎలుకలు దీన్ని ఫలహారం చేస్తాయి బాబాయ్ గారూ!" అని అరిచినంత పని చేసింది. ఆయన బిత్తరపోయి, "సరేనమ్మా, ఈ వారం చూసి నా దారి నేను చూసుకుంటా" అని వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక అన్నయ్య అడిగాడు, "నిజం చెప్పవోయ్. ఎక్కడుంది తేడా?"

వదిన తల దించుకుంది. "నా కళ్ళే," అంది. "ఈమధ్య సరిగా ఆనట్లేదు. టంకం ఎక్కడ పడుతోందో తెలియట్లేదు."

ఆడలేక మద్దెల ఓడు అనడం విన్నాం. మద్దెల నిజంగానే ఓడైతే, దాన్ని కాపాడటానికి నాకే ఆడటం రాదనే మనిషిని మా ఇంట్లోనే చూశాను. నేను పక్కనే ఉండి, ఒట్టు గొంతుకడ్డం పడి, మింగలేక కక్కలేక గోడ సున్నం గోకాను.

అన్నయ్య వెంటనే వదినని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ అబద్ధానికి సాక్ష్యం కావాలి కదా, గోడ మీద అట్టలో నిలువెత్తు అక్షరాన్ని చూపించి ఇదేమిటమ్మా అంటే, వదిన కళ్ళు చికిలించి, "ఏనుగా?" అందట. డాక్టరు నివ్వెరపోయి, ఉన్నవాటిలో మందపాటి అద్దాలు రాసిచ్చాడు. అవి పెట్టుకుంటే వదిన కళ్ళు చేప కళ్ళంత అయ్యాయి. గడప ఎక్కడుందో తెలియక ఎత్తెత్తి అడుగులేసేది. నన్ను చూసి ఓసారి, "ఎవరండీ, లోపలికి రండి" అంది. నవ్వాపుకోలేక పెరట్లోకి పరిగెత్తాను.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆ జోడుతోనే పనికి కూర్చుంటే కడ్డీ ఒకచోట ఉందనుకుని ఇంకోచోట పట్టుకుంది. చూపుడువేలు బొబ్బెక్కింది. వదిన పంటి బిగువున ఊరుకుంది కానీ, అన్నయ్య ఆ వేలు చూశాడు. నోట్లో ఉన్న మేకులన్నీ ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన అలా పెట్టాడంటే చాలా మాట్లాడబోతున్నాడని అర్థం.

"ఇక చాలు," అన్నాడు. "నువ్వు ఆ కడ్డీ ముట్టుకుంటే నా మీద ఒట్టే. దుకాణం మూసేద్దాం. గుడ్లాయనకి మా వల్ల కాదని నేను చెప్పొస్తాను. ఆ పెద్ద గోదాములో కాపలాకి మనిషి కావాలంటున్నారు. కూర్చుని చేసే పనేగా, చేస్తాను. నీ కళ్ళకన్నా డబ్బాలెక్కువా నాకు?"

వదిన మొహం తెల్లబోయింది. ఆయన పని నిలబెడదామని చెప్పిన అబద్ధం ఆయన పనినే తినేస్తోంది. ఏదో అనబోయింది. అన్నయ్య అప్పటికే లోపలికెళ్ళి, బయటికెళ్ళే చొక్కా తొడుక్కుని వచ్చేశాడు. గుండెల మీది గుండీ దారానికి వేలాడుతోంది.

"ఆగండి. ఆ గుండీతో వెళ్తారా?" అంది వదిన.

ఆవిడకి ఏం చేయాలో తోచనప్పుడు చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. ఏడుపొస్తుంటే అడ్డమని కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టేసుకుంది. అర నుంచి సూది తీసింది. దారం కొస తడిపి, రెండు వేళ్ళ మధ్య నలిపి, గుమ్మంలోని మసక వెలుతురులోనే సూది బెజ్జంలోకి ఒక్క ఊపున ఎక్కించేసింది. అన్నయ్య చొక్కా ఆయన ఒంటి మీద ఉండగానే నాలుగు పోట్లు పొడిచి, ముడివేసి, వంగి దారం పంటితో తెంపింది.

అన్నయ్య ఆవిడ తలకేసి, ఆ తల మీదున్న కళ్ళజోడుకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఏమోయ్," అన్నాడు మెల్లగా. "సూది బెజ్జం కనిపించిందా?"

వదిన చేతిలో సూది అలాగే ఉండిపోయింది. "అది... అలవాటు మీద దానంతటదే దూరిపోయిందండీ," అంది.

ఆ అబద్ధం ఎంత అధ్వాన్నంగా ఉందంటే నా ఒట్టు ఇక ఆగలేదు. "చాల్లే వదినా!" అని అరిచాను. బియ్యం డబ్బా, మూత తీస్తే మోగడం, వేస్తే ఆగడం, రేకు అడ్డమని తెలిసి దాచడం, గోడలు, బిళ్ళలు, ఏనుగు, ఒక్కటి కూడా మిగల్చకుండా ఒక్క గుక్కలో కక్కేశాను. అన్ని రోజులు ఎలా దాచుకున్నానా అని నాకే జాలేసింది.

అన్నయ్య నా ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. వదిన గోడకి ఆనుకుని ఏడుస్తోంది. "మీ డబ్బా వద్దని నా నోటితో నేనెలా చెప్పనండీ?"

అన్నయ్య లేచి, వదిన బల్ల మీదున్న డబ్బాని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇంట్లోంచి మాట బయటికి వినపడట్లేదంటే కిటికీ పెట్టుకుంటారు. ఇల్లు పడగొట్టుకుంటారా ఎవరైనా?"

"మీ డబ్బాకి చిల్లా?"

"నా డబ్బా. నా చిల్లు. మధ్యలో నీకేంటి?"

మూత కోసి తీశాడు. పై రేకు మీద సరిగ్గా మధ్యలో ఉలి ఆనించాడు. సుత్తి ఎత్తాడు. నేను మొహం తిప్పుకున్నాను. జీవితమంతా చీమ దూరకుండా డబ్బాలు కట్టిన మనిషి, తన చేత్తో తనే చిల్లు కొట్టుకుంటుంటే చూడటం నాకు కష్టమే అయింది. ఒకే దెబ్బ. శుభ్రమైన గుండ్రటి చిల్లు.

మెత్తటి రాగి తీగ బయట నిలబడదని, తన బల్ల మీదనుంచి గట్టి ఇత్తడి తీగ తీసి సాగదీసిచ్చాడు. వదిన దాన్ని జానెడుకి మూడు వేళ్ళు తక్కువగా కొలిచి, బిళ్ళకి అతికి, చిల్లులోంచి నిటారుగా పైకి పంపింది. ఈసారి మా ఇంటి చట్టం మార్చాం. మూత వేసి, టంకం పోయకముందే పరీక్ష. నేను పెరట్లోకెళ్ళి గంట దగ్గర నిలబడ్డాను.

గంట మోగలేదు.

లోపలికొచ్చేసరికి వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. నేను కూడా ఏమీ అనలేదు. అంటే అర్థం చేసుకోండి పరిస్థితి. అప్పుడు వదిన ముక్కు ఆ డబ్బాకి తగిలేంత దగ్గరికి వంగింది. కళ్ళజోడు లేకుండా.

"తీగ చిల్లు అంచుకి ఆనుకుంటోంది," అంది. "రేకుకి తగిలితే మాటంతా రేకులోకే దిగిపోతుంది. మధ్యలో ఏదైనా కావాలి. రేకు కానిది. చిన్న బెజ్జం ఉన్నది."

ముగ్గురం గది అంతా వెతికాం. మా దుకాణంలో ఉన్నదంతా రేకే, ఇత్తడే, ఇనుమే. అన్నయ్య ఒక్కసారి ఆగి కిందకి చూసుకున్నాడు. గుండెల మీద వదిన అప్పుడే కుట్టిన ప్లాస్టిక్ గుండీని పట్టుకుని పుటుక్కున పీకి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇప్పుడేగా కుట్టాను!" అంది వదిన, ఏడుపూ నవ్వూ కలిసిపోయి.

గుండీని చిల్లు మీద బంకతో అతికించి, దాని కన్నంలోంచి తీగని పంపింది. పెరట్లో గంట మోగింది. మోగడమంటే మామూలుగా కాదు, పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూశారు.

"ఆ గంట పట్టుకుని వీధిలో నడువు పిడుగా. ఎక్కడ ఆగితే అక్కడ నిలబడి కేకెయ్," అన్నాడు అన్నయ్య. నేను పుట్టినప్పటి నుంచీ ఆయనకి నేను పిడుగునే.

బ్యాటరీ తగిలించిన గంటని చంకనెత్తుకుని బయల్దేరాను. మా వీధి చివర ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. వెనకవీధిలోకి తిరిగాను. దర్జీ మిషను ఆపి, "ఇప్పుడు ఐసు అమ్ముతున్నావా అమ్మా?" అన్నాడు. ఈసారి తిట్టలేదు, గంట ఆయన చెవి దగ్గర పెట్టి వెళ్ళాను. గుడ్లాయన గుమ్మంలోకొచ్చి రెండు చేతులూ పైకెత్తాడు. ఆయన ఇల్లు దాటాను. బల్ల మీద ఉత్త బిళ్ళ ఉన్నప్పుడు పెరటి గోడ అవతలికి పోని మాట, ఇళ్ళన్నీ దాటుకుని నా చంకలో మోగుతూనే ఉంది. పెద్దరోడ్డు మీదికి వచ్చేసరికి జనం గుమిగూడుతుంటే సిగ్గేసి నిలబడిపోయాను. ఆగింది నేను, గంట కాదు.

ఇంటికొచ్చి చెప్పగానే వదిన నుదురు కొట్టుకుంది. "అయ్యో, నాన్న చెప్పేవాడు! రేడియో స్తంభం పాతితే దాని చుట్టూ భూమిలో రాగితీగలు పరుస్తారని. నిలబడ్డ తీగకి కింద నేల కావాలి. ఉత్త బిళ్ళకి నేల ఏదీ? ఈ డబ్బా పైరేకే దాని నేల. గుర్తు రావలసినప్పుడు రాలేదు చూడండి."

అన్నయ్య మేకులు నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "అంటే, డబ్బా ఉంది కాబట్టే అంత దూరం పోయిందా?"

"అవునండీ."

"ప్లాస్టిక్‌దైతే?"

"మోగుతుంది. ఇంత దూరం పోదు."

"మళ్ళీ చెప్పు."

వదిన మళ్ళీ చెప్పింది. ఆయన ఇంకోసారి చెప్పించుకున్నాడు. వినపడక కాదు. వదిన అబద్ధం చెప్పట్లేదు కదా అని మొహంలోకి చూస్తూ విన్నాడు. చెప్పట్లేదు. అప్పుడు టంకం పోసి, చల్లారాక టకటకా కొట్టి, "చీమ దూరదు," అన్నాడు. కాస్త ఆగి, "మాట పోతుంది," అన్నాడు.

గుడ్లాయన కొత్త గుడ్లు పెట్టాక ఒకరోజు వేడి తగ్గనే తగ్గింది. గంట మోగింది. ఆయన పరిగెత్తి సరిచేసుకున్నాడు. పిల్లలు లేచాక ఓ బుట్టెడు తెచ్చి మా దుకాణంలో వదిలితే అవి అన్నయ్య బల్ల కిందంతా తిరిగాయి. ఇప్పుడు ఇత్తడి తీగ నిలబడ్డ రేకు డబ్బాల కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. ఆ తీగల కింద వేయడానికి వదిన గుండీలు అట్టలకి అట్టలు కొంటుంది. అన్నయ్య చొక్కాకి మాత్రం ఆ గుండీ ఇప్పటికీ లేదు. కుడతానంటే ఆయన ఒప్పుకోడు.

ఆ కళ్ళజోడుని పారేయలేదు. సొరుగులో ఉంటుంది. వదిన ఏదైనా దాస్తోందని అనుమానం వస్తే అన్నయ్య మాట్లాడకుండా దాన్ని తెచ్చి ఆవిడ ముందు పెడతాడు. వదిన నవ్వేసి నిజం చెప్పేస్తుంది.

మొన్న అన్నయ్య పెద్ద కత్తెరతో రేకు కోస్తూ మధ్యలో ఆగాడు.

"భుజమా?" అంది వదిన.

"అబ్బే. కత్తెర మొద్దుబారింది."

వదిన లేచింది. సొరుగులోంచి కళ్ళజోడు తీసి, వెళ్ళి ఆయన ముక్కు మీద పెట్టింది. అన్నయ్య ఆ మందపాటి అద్దాల్లోంచి, వదిన ఇటువైపుంటే అటు గోడకేసి చూస్తూ కాసేపు కూర్చున్నాడు.

"నొప్పిగానే ఉందోయ్," అన్నాడు గోడతో.

వదిన నూనె సీసా తేవడానికి లోపలికెళ్ళింది.